పాత స్టేషనులో క్రొత్త కాపురము

ఇంటిలో పాతబడిన వస్తువును వీధిలో పాఱవేయుటకు ముందు, దానితో మఱేదైన పని జరుగునా యని ఒక్కమాఱైన నాలోచింపని గృహిణి యుండదు. చినిగిన పట్టుచీర యంచు ఆడుపిల్ల పరికిణీకి వచ్చును. మెత్తబడిన నేతచీరలు నాలుగు కలిపి కుట్టినచో పసిబిడ్డకు బొంత యగును. అడుగు చిల్లిపడిన గంగాళము పెరటిలో మల్లెమొక్కకు కుదురగును. ఈ విద్యను మనకు ఏ పుస్తకమును నేర్పలేదు. తల్లులయొద్దను అత్తలయొద్దను చూచి నేర్చితిమి. వస్తువు చేయుచుండిన పని తీఱినంతమాత్రమున వస్తువునకు ఆయువు తీఱలేదనుట యీ విద్యకు మూలసూత్రము.

అయితే ఈ సూత్రము చీరలకును గంగాళములకును మాత్రమేనా, పెద్ద కట్టడములకు గూడ చెల్లునా యని మేము కొంతకాలముగా నాలోచించుచున్నాము. అట్లాలోచింపవలసిన యవసరము మా యూరిలోనే కలిగినది. ఆ సంగతి తరువాత మనవి చేయుదుము. ముందుగా, ఇదే ప్రశ్నకు దూరదేశమున నొక మహానగరము చెప్పిన సమాధానమును సోదరీమణులకు వినిపింపదలచితిమి.

మా పినతండ్రిగారి కుమార్తె పై చదువునకై ఫ్రాంసుదేశము వెళ్లి పారిస్ నగరమున రెండేండ్లుండి వచ్చినది. ఆమె యక్కడినుండి వ్రాసిన జాబులలో నొకదానియందు, "అక్కా, ఇవాళ రైలు దిగి, మెట్లెక్కి, ఇంకో రైలుస్టేషన్లోకి వెళ్లాను. దాంట్లో రైళ్లు లేవు, బొమ్మలున్నాయి" అని యుండెను. ఆ మాటను మేము హాస్యమనుకొంటిమి. తరువాత మావారు పాఠశాల గ్రంథాలయమునుండి తెచ్చియిచ్చిన పుస్తకములవలనను, ఆమె తెచ్చిన చిత్రములవలనను అది నిజమేయని తెలిసికొంటిమి. ఆ భవనము పేరు ఓర్సే.

పారిస్ నగరమధ్యమున సేన్ నది ప్రవహించుచున్నది. ఆ నదికి ఎడమగట్టున, ఆవలియొడ్డుననున్న లూవ్ర్ రాజప్రాసాదమును చూచుచున్నట్లు, పూర్వము ఓర్సే సౌధమను ప్రభుత్వభవన ముండెడిది. దేశపు జమాఖర్చులను తనిఖీచేయు న్యాయస్థాన మందుండెను. 1871 వ సంవత్సరమున పారిస్ కమ్యూను తిరుగుబాటు కాలమున ఆ సౌధమును తగులబెట్టిరి. మాడిన గోడలు ఇంచుమించు ముప్పదియేండ్లు నగరము నడిబొడ్డున నట్లే నిలిచియుండెను. వానిసందులలో మొక్కలు మొలిచి చెట్లాయెను.

1900 లో పారిస్ నగరమున గొప్ప ప్రపంచప్రదర్శనము జరుగనుండెను. నైరుతిప్రాంతపు రైళ్లను నడుపుచుండిన పారిస్-ఓర్లియాన్ రైల్వే కంపెనీవారికి అప్పుడున్న ఓస్టర్లిట్జ్ స్టేషను నగరకేంద్రమునకు దూరము. కావున వారు ప్రభుత్వమువలన నా శిథిలస్థలమును పొంది, అందు క్రొత్త స్టేషను కట్టదలచి, 1898 లో విక్టర్ లాలూ అను వాస్తుశిల్పిని ఎన్నుకొనిరి. ఆయన ముందున్న చిక్కు సామాన్యమైనది కాదు. ఎదుట రాజప్రాసాదము, చుట్టును సంపన్నుల మందిరములు. వానినడుమ నొక యినుపషెడ్డును నిలిపిన నెవరు సహింతురు? అందుచే నాయన లోపల ఇనుపచట్రమును నిలిపి, వెలుపల దానిని చెక్కడపురాతితో కప్పివేసెను. లోపల వాడిన లోహము 12,000 టన్నులు. ప్రసిద్ధమైన ఐఫెల్ గోపురమున నున్న యినుము 7,300 టన్నులేయని తెలిసినచో, ఆ రాతిచీర చాటున నెంత యినుము దాగియున్నదో యూహింపవచ్చును.

రెండేండ్లలో స్టేషనును, దానినంటి 370 గదుల హోటలును పూర్తియయ్యెను. 1900 జూలై 14 న ప్రారంభోత్సవము జరిగెను. రైళ్లు నిలుచు మహాశాల 138 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు, 32 మీటర్ల యెత్తు. క్రింద పదియాఱు పట్టాలదారులు. బొగ్గుయంత్రములకు బదులు విద్యుచ్ఛక్తితో రైళ్లు వచ్చుటచే శాలలో పొగ లేదు, మసి లేదు. మనుష్యులకును సామానులకును వేఱువేఱుగా లిఫ్టులుండెను. రైలు పోవు దూరపుపట్టణములైన బోర్డో, తులూజ్, నాంట్ అనువానికి స్త్రీరూపములు కల్పించి, ఆ విగ్రహములను ముఖభాగమున నిలిపిరి. నదివైపున రెండు పెద్ద గడియారములను అమర్చిరి.

ఇక్కడ నొక వినోదము. ఆ సంవత్సరమే ఎడ్వార్ దెతాయ్ అను చిత్రకారుడు ఈ స్టేషనును చూచి, ఇది లలితకళామందిరమువలె నున్నదనియు, ప్రదర్శనమునకై కట్టిన కళామందిరము స్టేషనువలె నున్నదనియు, సమయము మించిపోనిచో లాలూగారు రెంటిని తాఱుమాఱు చేయవచ్చుననియు వ్రాసెను. వేళాకోళమునకన్న యా మాట ఎనుబదియాఱేండ్లకు నిజమగునని ఆయన యెఱుగడు.

స్టేషనుగా దాని వైభవము మాత్రము ముప్పదితొమ్మిదేండ్లే. విద్యుచ్ఛక్తివలన పేరు గాంచిన యా స్టేషను విద్యుచ్ఛక్తివలననే పాతబడెను. దూరమార్గములన్నియు క్రమముగా విద్యుత్తుతో నడువసాగుటచే రైళ్లు పొడవాయెను. ఓర్సే ప్లాట్‌ఫారములు వానికి చాలవాయెను. 1939 తరువాత పొరుగూళ్ల చిన్నరైళ్లు తప్ప మఱేవియు రాలేదు. కట్టిన గోడకు బీట లేదు, పోసిన రాతికి మచ్చ లేదు. అయినను పని పోయినది. కట్టడమునకు వార్ధకము గోడలనుండియే రానక్కఱలేదని దీనివలన తెలియుచున్నది.

పని పోయిన కట్టడమునకు ఆ పిమ్మట కలిగిన కష్టసుఖములు ఒక కథవలె నుండును. రెండవ ప్రపంచయుద్ధకాలమున శత్రువుల చెఱలో నున్న సైనికులకు పొట్లములను పంపు కేంద్రముగా దానిని వాడిరి. తినుబండారములను, వెచ్చని బట్టలను కట్టి పంపిన తల్లులను, భార్యలను గుఱించి చరిత్రకారులు విస్తరించి వ్రాయలేదు గాని, ఆ ముడులు వేసిన చేతులు ఎట్టివో మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. యుద్ధము ముగిసిన పిదప 1945 లో ఆ ఖైదీలు తిరిగివచ్చినప్పుడు వారికి విడిదియైనదియు నా శాలయే. పొట్లము పోయిన ద్వారముననే మనిషి తిరిగివచ్చెను. అందఱి మనుష్యులును రాలేదు. ఈ భాగమును చదివినప్పుడు మేము పుస్తకమును మూసి కొంతసేపు ఊరకుంటిమి.

1958 మే 19 న, తిరిగి యధికారమును చేపట్టుటకు సిద్ధముగా నున్నానని జనరల్ డిగాల్ పత్రికలవారితో ప్రసంగించినది ఆ హోటలు శాలలోనే. ఆర్సన్ వెల్స్ అను దర్శకుడు కాఫ్కా నవలను చలనచిత్రముగా తీయుచు ఆ శూన్యశాలలను వాడుకొనెను. ఒకప్పుడు నాటకసమాజమువారు అందు కాపురముండిరి. మఱొకప్పుడు వేలముపాటలవారు తమ భవనము మరల కట్టుకొనువఱకు తలదాచుకొనిరి. ఇవి యన్నియు అద్దెకాపురములే. 1973 ప్రారంభమున హోటలు గూడ మూతబడెను.

ఇంతకుముందే దానిని పడగొట్టి క్రొత్త హోటలు కట్టుటకు యత్నములు సాగి, కూల్చుటకు అనుమతి గూడ లభించియుండెను. నదియొడ్డున, నగరమధ్యమున నంత స్థలము! దానినుండి వచ్చు ధనమును లెక్కించినవారికి రాతిబొమ్మలు కనబడునా? కాని యాలోపల 1971 లో అదే నగరమున ప్రాతకాలపు అంగడిశాలలను, 'లే ఆల్' అనువానిని, పడగొట్టిరి. ఇనుముతోను గాజుతోను కట్టిన యా మండపములు నేలగూలిన పిదపగాని ప్రజలకు తాము పోగొట్టుకొన్నదేమో తెలియలేదు. ఆ పశ్చాత్తాపము ఓర్సేను కాపాడెను. సాంస్కృతికశాఖామంత్రి జాక్ ద్యుహమెల్ క్రొత్త హోటలును నిరాకరించెను. 1973 మార్చిలో ఆ కట్టడమును రక్షింపవలసిన చారిత్రక భవనముల పట్టికలో చేర్చిరి. 1977 అక్టోబరులో, జిస్కార్ డెస్టాంగ్ అధ్యక్షుడుగా నున్నప్పుడు, దానిని కళాప్రదర్శనశాలగా మార్చుటకు నిశ్చయించిరి.

కూల్చకుండ నాపుట యొక పని. నిలుపుట మఱొక పని. పియేర్ కోల్బొక్, రెనో బార్దోన్, జాఁ-పాల్ ఫిలిప్పోన్ అను మువ్వురు వాస్తుశిల్పులు భవనమును మార్చు భారము వహించిరి. లోపలి యమరిక ఇటలీదేశపు వనితయగు గాయె ఔలెంటికి దక్కినది. ఒక రైలుస్టేషను యొక్క పునర్జన్మమున నింతటి బాధ్యతను స్త్రీ వహించెనని చదివినప్పుడు మాకు గలిగిన సంతోషమును దాచుకొననేల? ఆమె కట్టించిన రాతిగోడలు బరువుగా నున్నవని విమర్శించినవారును లేకపోలేదు. అయినను రైళ్లు నిలిచిన మహాశాలను ముక్కలు చేయక, దాని నిలువుపొడవును నడుమదారిగా నుంచి, ఇరుప్రక్కల మెట్టలుమెట్టలుగా ప్రదర్శనపు గదులను తీర్చిరి. పైనున్న గాజుకప్పు గాజుకప్పుగానే యున్నది. గడియారములు గడియారములుగానే యున్నవి. హోటలు అతిథులు భుజించిన శాల నేటికిని భోజనశాలయే. 1986 డిసెంబరు 1 న అధ్యక్షుడు మిట్టరాండ్ ప్రారంభించగా, 9 వ తేదీనుండి ప్రజలను రానిచ్చిరి. భవనముక్రింద భూగర్భమార్గమున రైళ్లు నేటికిని నడచుచున్నవి. మా చెల్లెలు దిగినది యట్టి రైలే.

ఇప్పుడా శాలలో 1848 మొదలు 1914 వఱకు గల కాలపు కళాఖండములను ప్రదర్శించుచున్నారు. ఆ బొమ్మలును ఆ భవనమును ఇంచుమించు ఒకే కాలపు బిడ్డలు. అందుచే నొకరినొకరు వెలితిపఱచుకొనరు. అందు మిలే అను చిత్రకారుడు 1857 లో వ్రాసిన చిత్రమున ముగ్గురు బీదస్త్రీలు కోతకోసిన చేనిలో వంగి పరిగె యేఱుకొనుచుందురు. ఆ నడుము వంపును మన పొలములలో చూడనివారెవరు? బెర్త్ మోరిసో యను చిత్రకారిణి 1872 లో వ్రాసిన చిత్రమున ఒక తల్లి ఉయ్యాలలోని బిడ్డను చూచుచు కూర్చుండును. మోనే 1877 లో వ్రాసిన సేంట్ లజార్ రైలుస్టేషను చిత్రము గూడ నక్కడనే యున్నది. స్టేషనులో వ్రేలాడుచున్న స్టేషను బొమ్మ!

శంకరభగవత్పాదులు అమరుకమహారాజు దేహమున ప్రవేశించిరను గాథ మన మందఱము విన్నదే. ప్రాణము మాఱిన పిదప రాజు నడవడి మాఱినదని అంతఃపురస్త్రీలు గుర్తుపట్టిరని చెప్పుదురు. ఓర్సేకు జరిగినదియు నట్టి పరకాయప్రవేశమే. దేహము పాతది, ప్రాణము క్రొత్తది. అయితే మాకు తోచిన విశేషమేమన, ఈ క్రొత్తప్రాణము తాను ప్రవేశించిన దేహమును దాచలేదు. లోపల నడుగిడినవాడు పసివాడైనను ఇది యొకనాటి రైలుశాలయని తెలిసికొనును. క్రొత్త పని పాత పనిని తుడిచివేసినచో అది రక్షణము కాదు. గోడలు మాత్రము మిగిల్చిన కూల్చివేతయే యగును.

ఇట్టి పని యొక్క పారిస్‌లోనే జరుగలేదు. ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున 1830 లో తెఱచిన లివర్‌పూల్ రోడ్డు స్టేషను 1844 లోనే ప్రయాణికులకు మూతబడి, 1975 వఱకు సరుకులకు ఉపయోగపడి, 1983 లో ప్రదర్శనశాల యయ్యెను. స్పెయినుదేశపు మాడ్రిడ్ నగరమున 1892 నాటి అటోచా స్టేషను శాలలో 1992 లో ఉష్ణదేశపు మొక్కలతో తోట వేసిరి. క్రొత్త స్టేషను ప్రక్కనే నడచుచున్నది. మన దక్షిణదేశమున తొలి రైలు 1856 లో చెన్నపట్టణపు రాయపురము స్టేషనునుండి బయలుదేరెను. ఆ దారియే పెరిగి కడప మీదుగా 1871 నాటికి రాయచూరు చేఱినది. రాయపురపు స్తంభముల కట్టడము నేటికిని నిలిచియుండుట మన యదృష్టము.

ఇక మా యూరి సంగతి. మాకు పూర్వము మీటరుగేజి రైలు వచ్చెడిది. పెద్దలైను వేసిన తరువాత స్టేషను ఊరి యావలిప్రక్కకు మాఱినది. పాత స్టేషనుకు తాళము పడి యిరువదియేండ్లు దాటినది. అది ఓర్సే కాదు. ఎఱ్ఱపెంకుల కప్పు, రాతిగోడలు, మాస్టరుగారి గది, టిక్కెట్ల గది, ముందొక వసారా, రెండు వేపచెట్లు. అంతే. కాని మా అత్తగారు పదునెనిమిదవయేట క్రొత్తకాపురమునకు దిగినది ఆ ప్లాట్‌ఫారముమీదనే. రైలు వెనుకటి స్టేషను విడువగానే పట్టాముక్కను గంటగా మ్రోగించెడివారనియు, ఆ మ్రోత మా వీధివఱకు వినబడెడిదనియు, అట్టముక్క టిక్కెట్టుపై తేదీ గ్రుద్దు చప్పుడు తనకిప్పటికి చెవిలో నున్నదనియు ఆమె చెప్పును. జ్వరముతోనున్న పెద్దబిడ్డను పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోయి, వట్టిచేతులతో తిరిగి దిగినదియు నక్కడనే. ఆ మాట మాత్రము మాకొక్కసారియే చెప్పినది.

గడచిన సంవత్సరము ఆ కట్టడమును పడగొట్టి రాళ్లను వేలము వేయుదురని తెలిసెను. మా వీధి స్త్రీలము మా యింటి యరుగుమీద సమావేశమైతిమి. "ఊళ్లో మంచినీళ్లకే దిక్కు లేదు, పాతగోడలకు డబ్బులు పోయమంటావా వదినా?" అని పొరుగింటి యామె యడిగినది. అది న్యాయమైన ప్రశ్న. గోడలపై మోజు చాలదని మేమును ఒప్పుకొంటిమి. ఊరికి లేనిది, ఆ గోడలు ఇయ్యగలది ఏమైన నున్నదా యని యాలోచించితిమి. సాయంకాలము పాఠశాల మూసిన తరువాత చిన్నయిండ్ల పిల్లలకు, ముఖ్యముగా ఆడుపిల్లలకు, కూర్చుండి చదువుకొనుటకు దీపమున్న చోటు మా యూర నెచటను లేదు. మేస్త్రిని పిలిపించి లెక్క వేయించితిమి. పెంకులను, వాసములను మార్చుటకగు వ్యయము క్రొత్త గది కట్టుటకగు దానిలో మూడవవంతుకు మించదని తేలెను. అంతట ఆ పొరుగింటి యామెయే వీధివీధి తిరిగి సంతకములు చేయించినది. మొదటి సంతకము మా అత్తగారిది.

సంబంధించిన కార్యాలయమువారు మమ్ము ముమ్మాఱు త్రిప్పిరి. ఒకరు మఱొకరిని చూపిరి. తుదకు, నిశ్చయమగువఱకు పడగొట్టుట నిలిపితిమనియు, ఆలోపల వసారాను, టిక్కెట్ల గదిని పిల్లల చదువునకు వాడుకొనవచ్చుననియు కాగితమిచ్చిరి. ఇది గెలుపు కాదు, గడువు మాత్రమే. ఆ కాగితమును వెనుకకు తీసికొనువా రుండవచ్చును.

మావారి శిష్యులు వచ్చి గదిని కడిగి సున్నము వేయబోవగా, గోడపై నల్లయక్షరములతో నున్న ఊరిపేరును, కిటికీపై 'టిక్కెట్లు' అనుమాటను గూడ చెఱపబోయిరి. మా అత్తగారు చేతికఱ్ఱ యెత్తి, "వాటి జోలికి పోకండ్రా" అని యడ్డుపడినది. ఫ్రాంసుదేశపు శిల్పులు గడియారములను ఉంచివేసిన సంగతి అప్పటికి ఆమె వినియుండలేదు. ఆ కిటికీనుండియే యిప్పుడు పిల్లలకు పుస్తకము లిచ్చుచున్నాము. చేయి చాచి పుస్తకమందుకొను పిల్లలు, "అమ్మగారూ, ఈ టిక్కెట్టు ఏ ఊరికి?" అని పరిహాసమాడుదురు.

సోదరీమణులారా! మీ యూర గూడ తాళముపడిన స్టేషనో, ధర్మసత్రమో, పాత బడియో యుండవచ్చును. దానిని గుఱించి ముందుగా మూడు మాటలు విచారింపుడు. ఊరికి లేనిదేమి? దాని నీ కట్టడము తన రూపమును పోగొట్టుకొనక యియ్యగలదా? ఏటేట పైకప్పు బాగుచేయించు భారము నెవరు వహింతురు? ఈ మూడింటికిని సమాధానము దొరకని కట్టడములును గలవు. వానికొఱకు పోరాడుమని మేము చెప్పము. దొరకినచో మాత్రము ఆలస్యము చేయవలదు. సంతకములకు కాగితము చాలును, లెక్కకు మేస్త్రి చాలును, తిరుగుటకు నలుగురు స్త్రీలు చాలుదురు. గోడలు నిలిచియుండగనే యా పని చేయవలయును.